రాజవ్వ చెవిలో ఆగిన మగ్గం

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. సిద్దిపేటలో ఒక చెవి దవాఖానలో వినికిడి పరీక్షలు చేయడం నా పని. చెవిలో ఎవరో పిలుస్తున్నారనీ, గంటలు మోగుతున్నాయనీ చెప్పేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. గోడమీది చెవి బొమ్మ చూపించి, కారణం చెప్పి పంపిస్తాను.

రాజవ్వ కూడా అట్లాగే వచ్చింది. దుబ్బాక దగ్గరి ఊరు, అరవై దాటిన మనిషి. కూతురు కవిత వెంట తీసుకొచ్చింది. రాజవ్వ, ఆమె భర్త ముంబై దగ్గరి భివండీలో చాలా ఏళ్లు పవర్‌లూమ్‌ల మధ్య పనిచేసి, తిరిగొచ్చి ఇంట్లోనే చేనేత మగ్గం పెట్టుకున్నారు.

"రెండు చెవులల్ల మగ్గం సద్దే బిడ్డా. పండుకున్నా గదే, లేసినా గదే. మా ఇంటాయన మగ్గం దిగినా నా చెవులల్ల ఆగది," అంది.

బొమ్మ చూపించాను. కర్ణభేరి, దాని వెనక మూడు చిన్న ఎముకలు, లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగం. అందులో వెంట్రుకల్లాంటి సన్నని కణాలుంటాయి. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడు పడితే అవి చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. అప్పుడు బయట ఏమీ లేకున్నా చెవిలో మోత వినిపిస్తుంది.

"అది మగ్గం కాదవ్వా, నీ చెవి జబ్బు," అన్నాను. తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు.

బయటి చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చాను. శబ్దం వినపడితే నొక్కాలి, నొక్కితే బయట నా మిషన్ మీద లైటు వెలుగుతుంది. కుడిచెవి అయిపోయింది. ఎడమచెవికి ఇంకా ఏ శబ్దమూ పంపలేదు. నా మిషన్ మీద లైటు వెలిగింది. ఆగకుండా వెలుగుతూనే ఉంది.

అద్దంలోంచి చూస్తే ఆమె హెడ్‌ఫోన్ తీసేసి నిలబడి ఉంది. తలుపు తీశాను.

"ఆగింది బిడ్డా. మగ్గం ఆగింది."

కవిత నవ్వింది. "మంచిదే గదమ్మా! గందుకే గద వచ్చినం."

రాజవ్వ నవ్వలేదు. "నాయినకు ఫోన్ చెయ్యి," అంది.

మూడుసార్లు చేసినా ఎత్తలేదు. పక్కింటావిడకు చేస్తే ఆమె వెళ్లి చూసింది. ఆయన మగ్గం మీదికే ఒరిగిపోయి ఉన్నాడట. ఆటో వచ్చేసరికే ప్రాణం లేదు. పదకొండున్నరకు నీళ్లు పట్టుకుంటుంటే మగ్గం చప్పుడు ఇంకా వినిపించిందని పక్కింటావిడ తర్వాత కవితకు చెప్పింది. రాజవ్వ పరీక్ష మధ్యలో ఆగిన సమయం నా రిపోర్టు మీద పదకొండూ నలభై అని ఉంది.

మూడు నెలలకు రాజవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి పరీక్ష పూర్తిగా చేశాను. కుడిచెవి వినికిడి ఏమీ మారలేదు, పాత లోపం అట్లాగే ఉంది. చెవిలో మోత మాత్రం మళ్లీ రాలేదట.

"మందుతోటి దాన్ని మళ్ల తెప్పియ్యొస్తదా బిడ్డా?" అని అడిగింది. "ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు."

"దానికి మందు లేదవ్వా," అన్నాను.

అట్లాంటి మోత ఒక్కోసారి దానంతటదే ఆగుతుందని మా డాక్టరు అన్నారు. కావచ్చు. రెండూ ఒకే సమయానికి జరగడం కాకతాళీయమని నేనూ అనుకుంటాను. కానీ చప్పుడు పోయిందని సంతోషపడాల్సిన మనిషి, ఆ క్షణంలో భర్తకు ఫోన్ చెయ్యమని ఎందుకు అడిగిందో నాకు ఈరోజుకీ తెలియదు.