టేపుకు రాని అక్షరాలు

మనవరాలు గోళ్ల రంగు తుడుచుకుంటుంటే ఆ ఘాటు వాసన ఇల్లంతా పట్టింది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట సిరాదీ ఇదే వాసన. దాని మధ్య నుంచి నేను లేచి వచ్చి ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలైంది. ఫ్రిజ్ పక్కనున్న పాత స్టెబిలైజర్ వైపు చూశాను. దాని మీద ఇరవై మూడు అక్షరాలున్నాయి. ఇప్పటికీ నల్లగా, నిండుగా ఉన్నాయి. అవి అక్కడ నాతో పనిచేసిన రాజవ్వ అచ్చు వేసినవి.

దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒక సేటు కోరుట్లలో రేకుల షెడ్డు వేసి స్టెబిలైజర్లు తయారు చేయించేవాడు. నేను మల్లాపూర్ నుంచి బస్సులో వెళ్లేదాన్ని. డబ్బాల మీద కంపెనీ పేరు, మీటరు చుట్టూ అంకెలు అచ్చు వేయడం నా పని. చెక్క చట్రానికి సన్నని నైలాన్ గుడ్డ బిగించి ఉంటుంది. అక్షరాలున్న చోట తప్ప ఆ గుడ్డంతా మూసుకుపోయి ఉంటుంది. చట్రాన్ని డబ్బా మీద ఉంచి, సిరా పోసి, రబ్బరు పలకతో ఒక్కసారి లాగాలి. ఆరాక టేపు అంటించి చర్రున పీకాలి. టేపుతో అక్షరం లేచి వస్తే ఆ అచ్చు చెడినట్టే.

రాజవ్వ నాకంటే రెండేళ్ల పదకొండు రోజులు వెనుక వచ్చింది. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. ఆమె బిగించిన గుడ్డను వేలితో మీటితే డప్పులా మోగేది. నూటికి నావి తొమ్మిది చెడిపోయేవి, ఆమెవి ఒకటి. ఆ లెక్క రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె సిరాలో ఏదో కలుపుతోందని అనుమానపడి, అన్నానికి వెళ్లినప్పుడు మూత తీసి వాసన కూడా చూశాను. నా సిరా వాసనే.

ఒక శుక్రవారం సేటు మా ఇద్దరినీ పిలిచాడు. "సోమారం సంది అచ్చుకు ఒక్కలే సాలు. ఇంకొకలు ప్యాకింగుకు పోవాలె. రేపు చెరి పది డబ్బలు కొట్టుండ్రి. ఎవలయి టేపుకు రావో వాళ్లే ఉంటరు" అన్నాడు.

మర్నాడు పనికి కూర్చోబోతుంటే రాజవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, నువ్వు ఊకె నెత్తి సదురుకుంటవు. గదే చేయితోని తుడిచిన డబ్బ పడుతవు. నూనె అంటితె సిరా పట్టది."

"నాకే పని నేర్ప వచ్చినవా? నీ డబ్బలు నువ్ సూస్కో."

నేను తడబడాలనే చెబుతోందనుకున్నాను. ఆమె చూస్తుండగానే రెండు చేతులతో జుట్టు సవరించుకుని మరీ డబ్బా పట్టుకున్నాను.

సాయంత్రానికి ఆమెవి పదికి పది నిలిచాయి. నావి ఆరు టేపుతో లేచి వచ్చాయి.

"చెప్పిన గదక్కా!" అంది రాజవ్వ.

"చెప్పినవు. నువ్వు చెప్పినవనే ఇనలే."

ఆమె నా మొహం చూసి పకపకా నవ్వింది. "గట్లనా! గా ముచ్చట ముందే తెలిస్తె, నూనె మంచిగ రాసుకొమ్మని చెప్తుంటి."

నేను నవ్వలేదు. ఆ సోమవారం నుంచి ఐదేళ్లు ఆమె డబ్బాలను అట్టపెట్టెల్లో సర్దుతూ, ఆ అక్షరాల్లో తప్పు వెతికాను. ఇప్పటికీ తల ముట్టుకుంటే చేతులు కడగందే దేన్నీ పట్టుకోను. ఇంట్లో చాదస్తం అంటారు. అది రాజవ్వ నేర్పిందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన మాఘంలో ఆమె పోయిందని కబురు వచ్చింది. ఈ రోజు మనవరాలి సంచిలోంచి టేపు తీసి, స్టెబిలైజర్ మీది మొదటి అక్షరానికి అంటించి, గోటితో గట్టిగా రుద్ది పీకాను. కొంచెమైనా లేచి వస్తే బాగుండునని ఈ వయసులోనూ అనిపించింది. టేపు శుభ్రంగా వచ్చింది.

ఇంకా ఇరవై రెండు ఉన్నాయి.