లేవు, నర్సవ్వా

“బాపు పొద్దుగాల లేవలే అన్నా,” అంది ఉస్తాద్ కూతురు మంజుల ఫోన్లో.

నేను ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతున్నాను. “పడుకోనియ్యమ్మా, ఆదివారం మా ఆటల మస్తు అలిసిపోయిన్రు,” అన్నాను. అవతల ఆమె వెనక ఎవరో ఏడుస్తున్నది వినిపించింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను మెట్లు దిగి నాచారం వైపు నడవడం మొదలుపెట్టాను. ఆటో ఎక్కొచ్చన్న ఆలోచన కూడా రాలేదు. ఆ రోజు మొదలైన నడక ఇంకా ఆగలేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, ఆఫీసులో మీటింగులో ఉంటే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి పోతే ఎటు పోవాలో తోచదు. ఇది రాయడానికి కూడా ఎన్నిసార్లు లేచానో మా ఇంట్లోవాళ్లను అడగాలి.

ఆయన నాకు చుట్టం కాదు, బళ్లో చదువు చెప్పినవారూ కాదు. నాచారంలో అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. చిన్న మైదానంలో సాయంత్రాలు పిల్లలకు కర్రసాము నేర్పేవారు. నేను ఆయన దగ్గరికి వెళ్లింది సాము నేర్చుకోవడానికి కాదు, ఒక ఆట తయారు చేసుకోవడానికి.

ఆ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు కథలో ఒక్కో మనిషి అవుతారు. ఒకడు కథ నడిపిస్తాడు, దారిలో శత్రువులంతా వాడే. మనం చేయబోయే పని అవుతుందా కాదా అన్నది పాచిక చెబుతుంది. అలా వారాల తరబడి, నెలల తరబడి సాగే పెద్ద కథను క్యాంపెయిన్ అంటారు. నాకు ఈ పిచ్చి కాలేజీలో పట్టింది. మొదలుపెట్టిన క్యాంపెయిన్లకు లెక్క లేదు, ముగింపు దాకా వెళ్లింది ఒక్కటీ లేదు. ఈసారి మాత్రం యుద్ధవిద్యల కథ రాయాలని, దాన్ని చివరిదాకా నడపాలని పట్టుబట్టాను. ఒక తలీంలో, అంటే సాము నేర్పే చోట, గురువు మాయమవుతాడు. ఎవరికీ నేర్పకుండా దాచుకున్న ‘ఆఖరి పట్టు’ కోసం శిష్యులు బయలుదేరుతారు. ఆ పట్టు ఏమిటో నాకే తెలియదు. రాస్తూ పోతే తడుతుందిలే అనుకున్నాను.

మైదానం పక్కన నిలబడి ఇదంతా చెబితే ఉస్తాద్ మీసం దువ్వుకుంటూ విన్నారు. నల్లరంగు వేసిన మీసం అది, దాని మీద ఆయనకు మహా మోజు.

“ఎప్పుడన్నా కొట్లాడినవా?”

“లేదు ఉస్తాద్.”

“దెబ్బలు తిన్నవా?”

“లేదు.”

“మరి దెబ్బల కత ఎట్ల రాస్తవ్ బిడ్డా?”

ఆ సాయంత్రం నాచేత కూర్చుని లేచే బైఠకులు తీయించారు. మర్నాడు మెట్రో మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని పక్కకు నడిచాను. వెనకున్న ముసలాయన జాలిపడి నా బ్యాగు అందుకున్నాడు. అయినా మళ్లీ వెళ్లాను, ఎందుకంటే ఆయన నన్ను చూసి నవ్వలేదు. రెండోసారి వెళ్లినప్పుడు, “నీ ఆట నేను గూడ ఆడొచ్చునా?” అని ఆయనే అడిగారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఉప్పల్‌లో లావణ్య ట్యూషన్ చెప్పే గదిలో కూర్చునేవాళ్లం. లావణ్యది నల్గొండ, లెక్కల టీచరు. భీమవరం ప్రసాద్ నాతో ఆఫీసులో పనిచేస్తాడు. నాలుగోవారు ఉస్తాద్. కూర్చునేవాళ్లం అన్నానే గానీ నేను కూర్చున్నది లేదు. కథ చెబుతున్నంతసేపూ బల్ల చుట్టూ తిరగడం నా అలవాటు. “కూసో బిడ్డా, కత ఏడికి పోదు,” అని ప్రతివారం అనేవారు. ప్రతివారం వినేవాణ్ని కాదు.

మొదటి రోజే నా సరంజామా అంతా ఆయన తిరగేశారు. ఇరవై ముఖాల పాచికను వేళ్ల మధ్య పట్టుకుని చూసి, “గిదేంది, ఎండిన రేగుపండు లెక్కుంది?” అన్నారు. జేబులోంచి చిన్న గుడ్డసంచీ తీసి నాలుగు గవ్వలు బల్లమీద పోశారు. కీసర జాతరలో కొన్నవట. ఇంకేముంది, నా నియమాలన్నీ అష్టాచెమ్మా లెక్కలోకి మారాయి. నేను మంచుకొండల మీద కట్టిన తలీం కూడా నిలవలేదు. “మంచుల కాలు నిలుస్తదా? కీసర గుట్ట లేదా మనకు?” అన్నారు. తలీం కీసర గుట్టకు వచ్చింది. మనుషుల బలానికి నేను ‘ప్రాణాలు’ అని పేరు పెడితే ఒప్పుకోలేదు. “పానం ఒక్కటే ఉంటది. తగ్గేది దమ్ము.” అందుకని దమ్ము అన్నాం, ఒక్కో దమ్ముకు ఒక్కో చింతగింజ పెట్టాం.

ఆయన ఏదో మహాజ్ఞాని అని చెప్పడం లేదు. ఆటలో ఉస్తాద్ శుద్ధ తొండి. గవ్వలు సరిగా పడకపోతే, “ఫ్యాన్ గాలికి తిరిగినయ్, మళ్ల ఏస్త,” అనేవారు. ఫ్యాన్ ఆపేస్తే లావణ్య గాజుల చేత్తో విసురుకుంటోందని అనేవారు. ఓడితే చాయ్ కూడా ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చునేవారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆయన ఎంచుకున్న మనిషి. కర్రసాము ఉస్తాద్ కదా, ఏ మహావీరుణ్నో ఎంచుకుంటారని నేను ఆశపడ్డాను. ఆయన నర్సవ్వ అయ్యారు. నర్సవ్వ ఉప్పల్ చౌరస్తాలో సీతాఫలాలు అమ్మే ముసలామె. సాము రాదు. నెత్తిన గంప, నోట్లో కేక, అంతే. నేను రాత్రులు మేలుకుని రాసుకున్న పోరాటం మధ్యలోకి ఆమె వచ్చి గంప దించి కూర్చునేది. “సీతాఫలాల్!” అని ఉస్తాద్ గొంతు సన్నం చేసి అరిచేసరికి నా విలన్లు కర్రలు పట్టుకుని బిత్తరపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. “ఒక్కసారన్నా కొట్లాడుండ్రి ఉస్తాద్!” అంటే, “సాము వచ్చినోడు గెలిస్తే మజా ఏముందిరా?” అనేవారు.

ఇక లేవు సంగతి. మా ఆట మొత్తం ఆ ఒక్క మాట మీదే తిరిగింది కాబట్టి అది చెప్పాలి.

గింజల లెక్క చూసేది ప్రసాద్. ఒకరోజు లావణ్య ఆడే యోధురాలు మల్లి దెబ్బ తిని పడిపోయింది. “మల్లి దగ్గర ఇంకా గింజలున్నాయాండీ?” అని ప్రసాద్ అడిగాడు. సరిగ్గా అప్పుడే ఉస్తాద్ లావణ్య వైపు చెయ్యి చాచి, “లేవు!” అన్నారు. ప్రసాద్ మల్లి పేరు రాసి ఉన్న అట్టను రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

“అయ్యో, ఎందుకు చింపినవ్?” లావణ్య లేచి నిలబడింది.

“లేవన్నారుగా!”

“లేవు అంటే లేవమని! పడ్డది కదా, లేవమన్నడు!”

“మా వైపు లెగు అంటామండీ. లేవు అంటే లేవనేగా అర్థం?”

ఉస్తాద్ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. చెత్తబుట్టలోంచి ముక్కలు తీసి టేపు వేసి అతికించాం. నవ్వు తగ్గాక ఆయన తన మైదానం పద్ధతి చెప్పారు. అక్కడ ఎవరు ఎవర్ని పడగొట్టినా, వాడే కర్ర కింద పెట్టి, చెయ్యి ఇచ్చి, “లేవు” అనాలి. ఇంకెవరూ లేపకూడదు. ఆ మాట అనేదాకా పోటీ అయిపోయినట్టు కాదు. “పడగొట్టినోడే లేపాలె. లేకుంటే కోపం ఇంటిదాంక వస్తది,” అన్నారు.

దాన్నే మా ఆటలో నియమం చేశాం. పడిన మనిషిని పడగొట్టినవాడు లేవమనాలి. అప్పుడు పడినవాళ్లు గవ్వలు వేస్తారు. ఒకటి పడితే ఇంకా పడుకునే ఉండాలి, రెండు పడితే లేచి కూర్చోవచ్చు, మూడు పడితే నిలబడవచ్చు. చెమ్మో అష్టో పడిందా, పోయిన దమ్ము కూడా తిరిగొస్తుంది. నేను రాసిన నియమాలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే, ఇది నాది కాకపోయినా.

ఆఖరి ఆదివారం కథ మూసీ వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన కాపలాదారు దాటనివ్వడు. వాడికి అవతలే ఆఖరి పట్టు. కాపలాదారును ఆడేది నేనే. మల్లి మీదికి వాడు కర్ర ఎత్తగానే, ఎన్నడూ కొట్లాడని నర్సవ్వ గంప పట్టుకుని అడ్డం వచ్చింది. ఉస్తాద్ గవ్వలు వేశారు, ఒక్కటే పడింది. ఆమె ముందున్న గింజలన్నీ అయిపోయాయి. నర్సవ్వ పడిపోయింది. ఈసారి ఆయన ఫ్యాన్‌ను తిట్టలేదు.

నేను కర్ర కింద పెట్టి ఆ మాట అనబోతుంటే ట్యూషన్ పిల్లలు వచ్చేశారు. బల్ల ఖాళీ చేయాల్సి వచ్చింది. “పండనియ్యి బిడ్డా ముసల్దాన్ని, వచ్చే అయితారం లేపుదువు,” అన్నారు ఉస్తాద్. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, “ఆఖరి పట్టు ఏందో నాకన్న చెప్పు, ఎవరికి చెప్ప,” అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. తెలిస్తే చెప్పేవాణ్నే.

మంగళవారం పొద్దున మంజుల ఫోన్ చేసింది.

దినాలు అయ్యేదాకా నేను చేసిందల్లా తిరగడమే. బోడుప్పల్ దాకా, నారపల్లి దాకా ఏ పనీ లేకుండా బండి మీద పోయి వచ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక ముసలామెను నా చేత పడగొట్టించి, లేపనివ్వకుండా వెళ్లిపోవడం ఏమిటి? ఈ మాట బయటికి అంటే ఆట పిచ్చి ముదిరిందంటారని లోపలే పెట్టుకున్నాను. క్యాంపెయిన్ ఇక్కడితో ఆపేద్దామని కూడా అనిపించింది, నాకది అలవాటే కదా. కానీ ఆపేస్తే నర్సవ్వ వంతెన మీద అలాగే పడి ఉంటుంది.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం ముగ్గురం కలిశాం. ప్రసాద్ మెల్లగా అన్నాడు, “నర్సవ్వ వంతెన మీదే పోయిందని చెప్పి కథ ముగించేద్దామా? గౌరవంగానే ఉంటుంది కదండీ.” లావణ్య ఒప్పుకోలేదు. “ఈయన లేవు అన్లేదు గద. అనకుంట ఎట్ల అయిపోతది?” అంది నన్ను చూపిస్తూ. ఇద్దరూ నా వైపు చూశారు. నేను బల్ల చుట్టూ తిరుగుతున్నాను.

అప్పుడే మంజుల వచ్చింది, చేతిలో ఆ గుడ్డసంచీతో. “ఇవి మీ దగ్గర ఉంటెనే మంచిగుంటది అనిపించింది అన్నా,” అని బల్ల మీద పెట్టింది. నాది కాక ఖాళీగా ఉన్నది ఉస్తాద్ కుర్చీ ఒక్కటే కాబట్టి అందులోనే కూర్చుంది. ఏం జరుగుతోందని అడిగితే లావణ్య చెప్పింది, నర్సవ్వ పడిపోయిందని, ఏం చేయాలో తెలియడం లేదని. మంజుల ముఖం మారింది.

“ఏం పేరన్నరు?”

“నర్సవ్వ. సీతాఫలాలు అమ్ముతది.”

“మా నాయనమ్మ,” అంది. “గా గంప మీదనే బాపును సాది పెద్దజేసింది.”

ఇన్నాళ్లూ నా విలన్ల మధ్య గంప దించుకుని కూర్చున్నది ఎవరో ఆయన ఒక్కనాడూ చెప్పలేదు, మేము అడగలేదు. నా చేతుల్లో ఏ కర్రా లేదు, అయినా కింద పెట్టినట్టు రెండు చేతులూ బల్ల అంచున ఆనించాను. తర్వాత కుడిచెయ్యి బల్ల మీదుగా ఆ కుర్చీ వైపు చాచాను.

“లేవు, నర్సవ్వా,” అన్నాను.

అన్నాక గానీ ఆ మాట నాకు వినిపించలేదు, రెండు విధాలా. ప్రసాద్ తల దించుకున్నాడు. నా చెయ్యి అలాగే ఉంది.

“ఆఖరి పట్టు గిదేనా?” అంది లావణ్య, మెల్లగా.

“ఇదే,” అన్నాను. అనేదాకా నాకూ తెలియదు.

మంజుల నా చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో సంచీ విప్పి గవ్వలు వేసింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. రెండు నోరు పైకి పడ్డాయి, రెండు బోర్లా పడ్డాయి.

“రెండు పడితే ఏమైతది అన్నా?”

“లేచి కూర్చుంటది.”

“అయితే కూసున్నది,” అంది మంజుల. కొంగుతో కళ్లు తుడుచుకుని బల్ల మీద అటూ ఇటూ వెతికింది. “గంప ఏది మరి?”

నేను నా కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.