యేసుపాదం ఆమెన్ అనేదెప్పుడు?

రాజుపాలేనికి రెండు క్రోసుల దూరాన ఉన్న ఆ పల్లెలో యేసుపాదం ప్రార్థన మొదలుపెట్టాడంటే, పొయ్యి మీద సంకటి పెట్టి చర్చికి వచ్చిన ఆడవాళ్ళు ఆ సంకటి మీద ఆశ వదులుకునేవారు. మొదలుపెట్టడం ఆయన చేతిలో పని. ఆపడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. ఆదాముతో బయలుదేరేవాడు. అబ్రాహాము ఇంట్లో కాసేపు కూర్చునేవాడు. మోషేతో ఎర్రసముద్రం దాటి, ఎడ్లపాడు, కొండవీడు, గురజాల, మాచర్ల సంఘాలన్నిటినీ పేరుపేరునా పలకరించి, బర్మా యుద్ధంలో ఉన్న సిపాయిల క్షేమం అడిగి, ఊళ్ళో ఈనబోయే గేదెల దగ్గరకు వచ్చేవాడు. గేదెలు వచ్చాయంటే సగం అయిందని లెక్క.

దానికి తోడు ఒక నియమం. ప్రార్థన జరుగుతున్నంతసేపూ అందరూ కళ్ళు మూసుకుని ఉండాలి. మధ్యలో ఎవరైనా తెరిస్తే యేసుపాదం ఠక్కున ఆగి, "ఎవురో కళ్ళు తెరిచారు ప్రభువా, వాళ్ళని క్షమించు" అని, మళ్ళీ ఆదాము దగ్గర నుంచి ఎత్తుకునేవాడు. అందుకని చర్చిలో కళ్ళు తెరవడమంటే ఊరందరి తిండికీ అడ్డుపడటమే. పసిపిల్లల కళ్ళను తల్లులు అరచేతులతో మూసి కూర్చునేవారు.

యేసుపాదానికి అరవై దాటాయి. వృత్తి కపిలబావుల్లో ఎద్దులతో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టడం. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన కుట్టిన బాన చుక్క నీరు కారదు. కనుక రైతులకు ఆయన కావాలి, ఆయనతోపాటు వచ్చే ప్రార్థన తప్పదు. పెద్దరైతు శ్రీమన్నారాయణ గారు నుదుట నామం పెట్టుకునే మనిషి. ఆయన కూడా కొత్త బాన దింపే ముందు బావిగట్టు మీద చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడాల్సిందే.

"యేసుపాదం, పొద్దు నడినెత్తికొచ్చిందిరా. ఎద్దులు నిలబడే నిద్రపోయినయ్," అన్నాడొకసారి.

"పోనీండి దొరా. వాటికీ విశ్రాంతి కావాలిగా," అన్నాడు యేసుపాదం, కళ్ళు తెరవకుండానే.

జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు కూడా పిలవకుండానే వెళ్ళేవాడు. పున్నయ్య అనే కుర్రవాడికి చలిజ్వరం వస్తే, మంచం పక్కన నిలబడి ఒక జాము ప్రార్థించాడు. చివరికి పున్నయ్య దుప్పటి తీసి లేచి కూర్చుని, "మామా, నాకు తగ్గింది. ఒట్టు. ఇంక నువ్వు పో," అన్నాడు. సంఘం దాన్ని స్వస్థత కింద జమకట్టి, మూడు వారాలు సాక్ష్యంగా చెప్పుకుంది.

ఈ సంఘానికి కొత్త పాదిరిగా ఐజాక్ వచ్చాడు. బాపట్ల వైపు మనిషి, ఇరవై ఏడేళ్ళవాడు, దైవశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాడు. మామగారు పెళ్ళికి పెట్టిన చేతి గడియారం, జ్ఞానమ్మ అనే భార్య, క్లుప్తత మీద అపారమైన విశ్వాసం, ఈ మూడూ వెంట తెచ్చుకున్నాడు. ప్రార్థన మూడు నిమిషాలు దాటితే అది దేవుడికి చెప్పడం కాదని, మనుషులకు వినిపించుకోవడమని ఆయన నమ్మకం. మొదటి ఆదివారం స్వాగత ప్రార్థన యేసుపాదం చేశాడు. అది అయ్యేసరికి ఐజాక్ సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగంలో తొలి రెండు పేజీలు మర్చిపోయాడు.

ఆరాధన అయ్యాక వాకిట్లో ఆపి అడిగాడు.

"పెద్దాయనా, మీరు కూడా కళ్ళు మూసుకునే ఉంటారు కదా. మరి ఇంకొకరు తెరిచారని ఎలా తెలుస్తుంది?"

"ఊపిరి మారుద్దండి అయ్యగారూ."

"ఊపిరా?"

"కళ్ళు మూసుకున్నోడి ఊపిరి వేరు, తెరిచినోడి ఊపిరి వేరు. బానలు కుట్టీ కుట్టీ నా చెవికి గాలి సంగతి తెలిసిపోద్ది."

దైవశాస్త్ర కళాశాలలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు గనుక ఐజాక్ గడియారం చూసుకుని ఇంటికి నడిచాడు.

తర్వాత కొన్ని ఉపాయాలు చేసి చూశాడు. ప్రార్థన మధ్యలో యేసుపాదం ఊపిరి పీల్చుకునే సందు చూసి, చటుక్కున ఒక కీర్తన ఎత్తుకున్నాడు. సంఘం బతుకు జీవుడా అని గొంతు కలిపింది. యేసుపాదం ఐదు చరణాలూ తనే అందరికంటే గట్టిగా పాడి, "పాట చానా బాగుంది ప్రభువా. ఇందాక యాకోబు నిచ్చెన కాడ ఆగినాం," అని అక్కడి నుంచి సాగించాడు. ఇంకోసారి ఐజాక్ పొడిదగ్గు దగ్గాడు. ఆ వారం ప్రార్థనలో ఐజాక్ దగ్గు కోసమే ప్రత్యేకంగా పావుగంట పోయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పల్నాటిలో పండేదే జొన్న, అదీ సరిగా కంకి వేయలేదు. ఆ సంఘంలో పిడికెడు గింజల ఆచారం ఒకటుండేది. ప్రతి ఇంట్లో వంటకు గింజలు తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కన పెట్టి, వారమంతా పోగుచేసి ఆదివారం చర్చికి తెచ్చేది. లోపలికి వస్తూ గుమ్మం పక్కనున్న మూతగంపలో పోసి వచ్చి చాపల మీద కూర్చునేది. ఆ జొన్నలే పాదిరిగారి ఇంటికి వారం తిండి. బాపట్ల వరి అన్నం మర్చిపోయి, ఐజాక్ జొన్న సంకటికి అప్పుడప్పుడే అలవాటు పడుతున్నాడు.

"ఏమండీ, గంప దిగిపోతోంది," అంది జ్ఞానమ్మ ఒకరోజు.

"కరువు కదా. తక్కువ పోస్తున్నారేమో."

"పోసేటప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. ఆరాధన ముందు అంచు దాకా ఉంటుంది. ఇంటికి తెచ్చేసరికి సగం ఉంటోంది."

ఐజాక్ ఆలోచించాడు. ఆరాధన ముందు నిండుగా ఉన్న గంప తర్వాత సగమైందంటే, మధ్యలో ఎవరో తీస్తున్నారు. మధ్యలో అందరూ కళ్ళు మూసుకుని ఉండేది ఒక్కసారే, అదీ ముప్పావుగంట సేపు. దొంగకు అంతకంటే వీలు ఇంకెక్కడ దొరుకుతుంది? ప్రార్థన పుణ్యమా అని దేవుడి ఇంట్లోనే దొంగతనం జరుగుతోందని తేలేసరికి ఆయనకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కోపంలో కొంత ఆకలి కూడా ఉంది.

అదే సమయానికి బడిపంతులు రాజారత్నం వచ్చాడు. సంఘంలో చదువుకున్నవాడు, మధ్యాహ్నం భోజనం వేళకు పడకపోతే కడుపులో మంట వచ్చే మనిషి. "అయ్యగారూ, ఈ ప్రార్థనకు ఒక హద్దు పెట్టండి. ఆదివారం మీరే అందరి ముందూ ప్రకటించండి," అన్నాడు. ఐజాక్ సరేనని మాట ఇచ్చాడు.

శనివారం పొద్దున యేసుపాదం ఇంటికి వెళ్ళాడు. ఆయన వాకిట్లో కూర్చుని తోలు నానబెడుతున్నాడు.

"రేపటి నుంచి మూడు నిమిషాలు, పెద్దాయనా."

యేసుపాదం చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "మూడు నిమిషాలంటే ఏ మాత్రం అయ్యగారూ?"

"ఆదాము నుంచి అబ్రాహాము దాకా కూడా వెళ్ళలేరు. నేను దగ్గుతాను. దగ్గగానే ఆమెన్ చెప్పేయండి."

"ఒక్క మాట అడగనా? వాన పడిందాకా ఆగరాదూ?"

"వానకూ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఉందిలెండి," అన్నాడు యేసుపాదం. ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడు. అంత మాట్లాడే మనిషి అలా మధ్యలో ఆగడం ఐజాక్ అప్పుడే చూశాడు. "సరే. మీరు కాపరి. మీ మాట జవదాటను."

ఆదివారం చర్చి నిండింది. యేసుపాదం బల్ల పక్కన జనం వైపు తిరిగి నిలబడ్డాడు. జనం చాపల మీద గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నారు. "కళ్ళు మూసుకోండి," అన్నాడాయన. అందరూ మూసుకున్నారు. ఐజాక్ మూసుకోలేదు. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గంప మీద పెట్టి దొంగ కోసం కాచుకున్నాడు.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ఎవరూ రాలేదు. యేసుపాదం ఇంకా ఏదెను తోటలోనే తచ్చాడుతున్నాడు. మూడో నిమిషమంతా ఐజాక్ రెండు కళ్ళూ గడియారం ముల్లు మీదే ఉన్నాయి, అది తిరగ్గానే నిక్కచ్చిగా దగ్గాడు. యేసుపాదం ఇచ్చిన మాట ప్రకారం "ఈ కొద్ది మాటలు..." అని ముగింపులోకి దిగాడు.

ఐజాక్ తల ఎత్తాడు. గంప దగ్గర మణెమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

మణెమ్మ పోయినేడు దాకా ఆ గంపలో అందరికంటే ముందు పిడికెడు పోసిన ఇల్లాలు. రెండు నెలల కిందట నాపరాయి గనిలో మొగుడి కాలు విరిగింది. నలుగురు పిల్లలు. అప్పుడు ఐజాక్ వాళ్ళింటికి వెళ్ళి, ఓర్పు గురించి మంచి వాక్యం ఒకటి చదివి, కాఫీ లేదన్నందుకు ఏమీ అనుకోకుండా తిరిగి వచ్చాడు. పొయ్యిలో నిప్పు ఉందో లేదో చూడాలని ఆయనకు తోచలేదు. ఇప్పుడు ఆమె కొంగులో రెండు దోసిళ్ళు పడ్డాయి, మూడోది చేతిలో ఉంది. ఆమె వెనక గడప దగ్గర ఇమాం సాహెబ్ చేతికర్ర మీద ఒరిగి తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. జట్కా తోలే ముసలివాడు. మేత లేక గుర్రం చచ్చిపోయాక ఆయన ఏం తింటున్నాడో ఊళ్ళో ఎవరూ అడగలేదు, ఐజాక్ అసలే అడగలేదు.

ప్రార్థన ముగింపుకు వచ్చిందని విని మణెమ్మ కొయ్యబారిపోయింది. ఇంకొక్క మాట మిగిలింది. ఆ మాట పలికితే నలభై జతల కళ్ళు తెరుచుకుంటాయి.

ఐజాక్ యేసుపాదం వైపు చూశాడు. ఆ ముసలాయన కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి, నుదుటి మీద చెమట పట్టింది, ఒక చెవి మాత్రం గుమ్మం వైపు వంగి ఉంది. ఊపిరి మారడమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇన్నాళ్ళూ ప్రార్థన మళ్ళీ ఆదాము దగ్గరకు పోయింది ఎవరో కళ్ళు తెరిచారని కాదు, ఇంకొకరు గడప ఎక్కారని. ఐజాక్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"...యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆ..." అన్నాడు యేసుపాదం.

"ప్రభువా!" అని ఐజాక్ కేక పెట్టాడు.

సంఘం ఉలిక్కిపడింది. ఐజాక్ కూడా ఉలిక్కిపడ్డాడు, తర్వాత ఏం చెప్పాలో తెలియదు కనుక. మూడు నిమిషాలు దాటి ప్రార్థించిన అలవాటు ఆయనకు పుట్టి బుద్ధెరిగాక లేదు. నోటికి నోవహు తగిలాడు. ఆయన్ను పట్టుకున్నాడు.

"ప్రభువా, నీవు నోవహును ఓడ కట్టమన్నావు. కట్టాడు ప్రభువా. పొడవు మూడు వందల మూరలు. వెడల్పు... వెడల్పు కూడా బాగానే ఉంది ప్రభువా. అందులోకి జంతువులను జతలు జతలుగా ఎక్కించాడు. మొదట ఏనుగులు ఎక్కాయి. వాటికి స్తోత్రం. పిమ్మట ఒంటెలు ఎక్కాయి. వాటికి స్తోత్రం. పిమ్మట ఎనుములు..."

"ఏందే అమ్మా ఇది, అయ్యగారికీ పట్టింది," అని ముందు వరసలో ఒక ముసలమ్మ గొణిగింది.

రాజారత్నం పంతులు ఆ గొంతు ఐజాక్‌దేనా అని అనుమానం వచ్చి తల కదిపాడు. ఐజాక్ వెంటనే, "ఎవరూ కళ్ళు తెరవకండి! తెరిస్తే ఏనుగుల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెడతాను!" అని గర్జించాడు. పంతులు తల దించేసుకున్నాడు.

మణెమ్మ కొంగు ముడివేసుకుని నిశ్శబ్దంగా గడప దిగింది. ఇమాం సాహెబ్ వంగడానికి మేకలు, గొర్రెలు, గాడిదలు పట్టాయి. సంచి నింపుకోవడానికి నెమళ్ళు, పావురాలు, ఉడుములు పట్టాయి. ఆయన కర్ర ఊతంతో లేచి వాకిలి దాటే వేళకు ఐజాక్ దగ్గర జంతుజాలమంతా అయిపోయి, జెర్రులను, గండుచీమలను ఎక్కిస్తున్నాడు. చివరకు "ఆమెన్" అని బల్ల పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

ఆరాధన అయ్యాక రాజారత్నం మీదికి వచ్చాడు. "ఏంది అయ్యగారూ ఇది? హద్దు సంగతి ప్రకటిస్తానన్నారు!"

"వాన పడ్డాక చూద్దాం పంతులుగారూ."

"వానకూ దీనికీ ఏంది సంబంధం?"

"ఉందిలెండి," అన్నాడు ఐజాక్.

పంతులు కడుపు పట్టుకుని వెళ్ళిపోయాడు. యేసుపాదం ఒక్కడే వాకిట్లో మిగిలాడు. ఐజాక్ దగ్గరకు వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు. "పెద్దాయనా, ఆ వచ్చేవాళ్ళెవరో మీకు తెలుసా?"

"ఎవురండీ? నేను కళ్ళు మూసుకుంటాగా," అన్నాడు యేసుపాదం. కండువా భుజాన వేసుకుంటూ, "ప్రార్థన చానా బాగా చేశారు అయ్యగారూ. కాకపోతే ఒకటి. పావురాల కాడ మరీ పరిగెత్తించారు. కర్ర చప్పుడు ఇనబడినప్పుడు కాస్త నింపాదిగా ఎక్కించాల," అని చెప్పి ఇంటిదారి పట్టాడు.

ఆ మధ్యాహ్నం పాదిరిగారింట్లో సంకటి ముద్దలు చిన్నవయ్యాయి. తినడం అయ్యాక ఐజాక్ జంతువుల లెక్క ఉన్న లేవీయకాండము ముందు పెట్టుకుని, ఒక కాగితం మీద ఏవో పేర్లు వరసగా రాసుకుంటూ కూర్చున్నాడు. గిన్నెలు కడుగుతున్న జ్ఞానమ్మ లేచి వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. దొంగ దొరికాడా అని అడుగుతుందేమోనని ఐజాక్ బెదురుగా తల ఎత్తాడు.

ఆమె కాగితం పై నుంచి కింద దాకా చదివి, "కుందేలు మర్చిపోయారు," అని చెప్పి లోపలికి వెళ్ళింది.