నీలిపూల పళ్లెంలో భోజనం

చదువు ముగించుకుని హైదరాబాదు నుంచి తొలి కొలువుకు వనపర్తి వెళ్లిన ఆ రోజుల్లో, నా ఫోనుకు తెలియనిది ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. (కాదన్నవాళ్ల మీద కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది, కాస్త ఆలస్యంగా.) ఒక పాత బంగళాను మ్యూజియంగా మారుస్తున్నారు. ఆ ఇంటి సామానుకు చీటీలు రాయడం నా పని. అందులో ఒక నీలిపూల పింగాణీ పళ్లెం ఉండేది. దాని అడుగున డొల్లగా ఉన్న లోహపు గిన్నె, పక్కన మూతతో బుల్లి గొట్టం. ఏమిటో తెలియక ఫోటో తీసి ఫోనునే అడిగాను. మంచం దిగలేని రోగుల మలమూత్రాలకు వాడేదని చెప్పింది. 'పాతకాలపు బెడ్‌పాన్' అని గుండ్రటి అక్షరాలతో రాసి, అద్దాల బీరువాలో పెట్టేశాను.

ప్రారంభానికి ముందురోజు, ఆ సామానంతా ఇచ్చిన అవ్వ వచ్చింది. ఆ బంగళాలోనే పుట్టి పెరిగిన మనిషి. చీటీ చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఇది మా నాయిన అన్నం తిన్న పళ్లెం, బిడ్డా."

నేను తగ్గుతానా? ఫోను ఆమె ముఖం ముందు పెట్టి, ఇందులో ఉందంటే ఉన్నట్టేనన్నాను.

"నీ ఫోను మా ఇంట్ల ఎప్పుడు తిన్నది?"

ఆ పళ్లెం సంగతి ఆమే చెప్పుకొచ్చింది. పంతొమ్మిది వందల నలభైల్లో వాళ్ల నాయన పనుల మీద గోపాల్‌పేట, వీపనగండ్ల ఊళ్లు తిరిగి పొద్దుగూకినాక ఇల్లు చేరేవాడట. గొట్టంలో వేడినీళ్లు పోసి పైన అన్నం వడ్డిస్తే, ఆయన స్నానం చేసి వచ్చేదాకా చల్లారేది కాదట. అయినా నేను మూతి ముడుచుకునే ఉన్నాను.

"గిండ్ల అన్నం తిను. తింటె పళ్లెం ఈడనే ఉంటది. లేకుంటె నా సామానంత తీస్కపోత."

సామాను పోతే నా కొలువూ దాని వెంటే పోతుంది. కాపలా ఉండే చాచా పళ్లెం కడిగి, వేడినీళ్లు పోసి, తువ్వాలు చాటున నవ్వుకుంటూ తెచ్చాడు. అవ్వ తన డబ్బాలోంచి అన్నం, గోంగూర పప్పు వడ్డించింది. మొదటి ముద్దకు నేను రాసిన మాటే గొంతులో అడ్డం పడింది. మూడో ముద్దకు మరిచిపోయాను. అడుగున అన్నం ఇంకా పొగలు కక్కుతుంటే, మారు వడ్డించమని నేనే అడిగాను.

"ఇప్పుడు చెప్పు, ఏందిది?" అంది అవ్వ.

నోరు నిండా పప్పన్నం. అన్నం తినే పళ్లెమేనని తల ఊపాను.

మర్నాడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. అందులో ఆఖరుసారి తిన్నది నేనే. ఓడిపోయి కూడా అంత కమ్మగా తిన్న ఆ పొగరుబోతును తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.