చిల్లుల తిత్తికి మోటారు

2023 ఫిబ్రవరిలో కొవ్వూరుకు ఎగువన, గోదావరి గట్టు పక్క పల్లెలో ఉన్న ఒక లూథరన్ చర్చి నుంచి నాకు ఫోను వచ్చింది. రాజమండ్రిలో నలభై ఏళ్ళు హార్మోనియంలూ పెడల్ ఆర్గన్లూ బాగుచేసి, ఇక దుకాణం మూసేద్దామని అనుకుంటున్న రోజులవి. ఆ ఏటి డైరీ తీస్తే ఆ పేజీల్లో అక్షరాలు కాగితం వెనక్కి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంత నొక్కి రాశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పెడల్ ఆర్గన్ చూడని వారికి రెండు మాటలు. బీరువాలాంటి చెక్కపెట్టె, పైన వేళ్ళతో నొక్కే మెట్లు, కింద రెండు పెడళ్ళు. చాలామంది అది గాలి ఊదుతుందనుకుంటారు. కాదు, లాగుతుంది. పెడల్ తొక్కితే లోపలి తిత్తిలోని గాలి బయటికి పోతుంది. అప్పుడు మెట్టు నొక్కితే బయటి గాలి రీడ్ అనే సన్నని ఇత్తడి నాలుక మీదుగా లోపలికి దూసుకొస్తుంది. ఆ అదురే స్వరం. వాయించేవారి కాళ్ళే దాని ఇంజను.

ఆ చర్చిలో ఆర్గన్ వాయించేది సుగుణ టీచరు గారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళికి ముందు నుంచీ ఆ స్టూలు ఆవిడదే. నేను వెళ్ళేసరికి సంఘ కార్యదర్శి దైవసహాయం గారు నన్ను పక్కకు పిలిచారు.

"టీచరు గారికి వయసైపోయిందండి. పాట సగంలో ఆయాసం. మోకాళ్ళు వాచిపోతున్నాయి. కీబోర్డు వాయించేవాణ్ణి ఎవరినైనా పెట్టుకుందామని కమిటీలో అంటున్నారు."

ఆవిడ విననే విన్నారు. "నొప్పి మోకాళ్ళకండీ. చేతులకేం రాలేదు. ఇదివరకు ఇంత తొక్కేదాన్ని కాదు మాస్టారూ. ఇప్పుడు రిక్షా తొక్కినట్టుంది. అది చూడండి ముందు."

మా పనిలో ఒక పరీక్ష ఉంది. తిత్తి బిగిసేదాకా తొక్కి, కాళ్ళెత్తేసి, ఏ మెట్టూ నొక్కకుండా ఒక పల్లవి పాడాలి. పాట పూర్తయ్యేదాకా తిత్తి బిగువు నిలిస్తే ఆర్గన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. దానికి గడియారం అక్కర్లేదు. ఆవిడ తొక్కి, కాళ్ళెత్తి, పల్లవి అందుకున్నారు. రెండో మాట నోట్లో ఉండగానే తిత్తి ఉస్సురంది.

వెనక పలక విప్పితే సంగతి తెలిసింది. తిత్తికి చుట్టిన రబ్బరు గుడ్డ బీటలు వారి, మడతల దగ్గర అప్పడంలా విరుగుతోంది. తోలు కవాటాలు ముడుచుకుపోయాయి. పాపం ఆవిడ సగం పాటకీ సగం చిల్లులకీ తొక్కుతున్నారు. కొత్త గుడ్డ, కొత్త తోలు వేస్తే సరిపోతుందని కమిటీకి చెప్పాను.

దైవసహాయం గారు ఇబ్బందిగా నవ్వారు. "గుడ్డ మార్చితే బయటికి కనపడదు కదండీ. ప్రకాశరావు గారు మోటారు ఇస్తామన్నారు. తొక్కే పనే ఉండదు."

ప్రకాశరావు గారికి భీమవరం వైపు రొయ్యల చెరువులూ ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. మంచి మనిషే, చెయ్యి పెద్దది. ఆ చర్చిలో ఏ ఫ్యాను రెక్క చూసినా, ఏ బల్ల వీపు చూసినా ఎవరో ఒకరి పేరు ఉంటుంది. మన వైపు చర్చిలోనైనా గుడిలోనైనా అదే ఆచారం. కమిటీలో నా పక్కనే కూర్చున్న ఆయన నా భుజం తట్టి అన్నారు.

"మా చెరువులో గాలి తగ్గితే ఏం చేస్తామండి? ఇంకో ఏరేటర్ వేస్తాం. మీరేమో గుడ్డలు, తోళ్ళు అంటారు!"

"చెరువుకు చిల్లు ఉంటే ముందు గట్టు వేస్తారా, ఇంకో బోరు వేస్తారా అండి?" అన్నాను.

"అబ్బో, మాస్టారికి కోపం వచ్చింది. కాఫీ ఇప్పించండయ్యా," అని నవ్వేశారు. కమిటీ అంతా నవ్వింది. నేను సంచి సర్దుకుని వచ్చేశాను.

వాళ్ళ ఎలక్ట్రీషియనే పని కానిచ్చాడు. పెడళ్ళకున్న పట్టీలు విప్పేసి, తిత్తికి పైపు పెట్టి, రెండో చివర గాలి లాగే బ్లోయరు బిగించాడు. ఇత్తడి ప్లేటు మీద దాత పేరు. చిల్లులు అలాగే ఉన్నాయి గనుక మోటారును పూర్తి వేగంతో తిప్పాల్సి వచ్చింది. ఆ రొదలో ఆర్గన్ వినపడలేదు. దానికో మైకు పెట్టారు. ఆర్గన్ మైకు హోరులో పాడే క్వయర్ వినపడలేదు. వాళ్ళకు నాలుగు మైకులు. వీటన్నిటికీ పెద్ద ఆంప్లిఫయరు, దానికి కొత్త ఇన్వర్టరు. ఒక్క చిల్లు మూయనందుకు ఎంత సామాను! పైగా ప్రతి పెట్టె మీదా ఒక పేరు. టీచరు గారు ఫోనులో ఇదంతా చెప్పి, "మా చర్చిలో ఇప్పుడు పాడేవాళ్ళ కంటే ప్లగ్గులు ఎక్కువ మాస్టారూ," అన్నారు.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సాగే ఆరాధన మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాన్లూ మైకులూ మోటారూ కలిసి ఇన్వర్టరును తాగేశాయి. మూడో కీర్తన మధ్యలో ఆర్గన్ మూగబోయింది. ఆవిడ అలవాటుగా కాళ్ళు చాపి తొక్కారు. పట్టీల్లేని పెడళ్ళు కదా, చప్పుడు తప్ప ఏమీ రాలేదు. జనం తలోశ్రుతిలో ఎలాగో పాడి ముగించారు. ఆ సాయంత్రమే కమిటీలో మళ్ళీ కీబోర్డు మాట వచ్చింది. బ్యాటరీతో నడుస్తుందట.

మర్నాడు ఆవిడ నాకు ఫోను చేశారు. "మోటారు ఆగిపోతే నన్ను మానిపించడమేంటండీ? గుడ్డా తోలూ నేనే కొంటాను. మీరు రండి."

వెళ్ళాను. వేసవి సెలవులంతా ఆ పనే. కొత్త గుడ్డ చుట్టాను, కవాటాలు మార్చాను, పైపు కన్నాన్ని చెక్కతో మూసి తోలు అంటించాను, పట్టీలు మళ్ళీ కట్టాను. దైవసహాయం గారు ఒక్క షరతు పెట్టారు. "మోటారు మాత్రం తియ్యొద్దండి. వార్షికోత్సవానికి ప్రకాశరావు గారు వస్తారు. పక్కన తిరుగుతూ ఉంటే చాలు."

"దేనికీ తగిలించకుండానా?"

"ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకండీ."

జూన్‌లో వార్షికోత్సవానికి నేనూ వెళ్ళాను. మోటారు ఆర్గన్ పక్కన ఊరికే గాలి లాగుతూ హోరుమంటోంది. మైకులన్నీ ఆన్. ముందు వరుసలో ప్రకాశరావు గారు. దైవసహాయం గారు నివేదిక చదువుతూ, మోటారు వచ్చాక సంగీతం ఎంత మెరుగైందో చెప్పి, దాతకు కృతజ్ఞతలు తెలిపారు. చప్పట్లు.

టీచరు గారు స్టూలు మీద నుంచి లేచారు. వంగి మోటారు ప్లగ్గు పీకేశారు. తర్వాత ఆంప్లిఫయరు స్విచ్చి ఆపేశారు. చర్చంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. పైన ఫ్యాన్లు తిరిగే చప్పుడు కూడా వినిపించింది. ఆవిడ కూర్చుని మెల్లగా నాలుగుసార్లు తొక్కి, కాళ్ళెత్తి, ఆ నిలిచిన బిగువు మీదే మొదటి వరుస వాయించారు. క్వయర్ అందుకుంది, వెనక ఆడవాళ్ళు అందుకున్నారు. తమ గొంతులు తామే వింటూ పాడుతున్నారు.

పాట అయ్యాక ప్రకాశరావు గారు కాసేపు మోటారు వైపు చూశారు. "మరి ఇదెందుకు టీచరు గారూ?"

"అదేనండి, ఫిబ్రవరి నుంచీ నేనూ అడుగుతున్నాను."

ఆయన ఆ మాటకు నవ్వారు, నిజానికి బాగానే నవ్వారు. కీబోర్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఎనర్జీ ఎఫిషియెన్సీ అని పేపర్లలో రాస్తుంటారు. అదంతా పాత పాట అనీ, సోలారు వచ్చాక పొదుపు దేనికనీ అనేవాళ్ళను చూస్తే నాకు మండుతుంది. శక్తి ఎక్కడి నుంచి వచ్చినా చిల్లు చిల్లే. తలుపులు బార్లా తెరిచి ఏసీ వేసే దుకాణాలు మా వీధిలోనే ఉన్నాయి. పొదుపంటే పాట తగ్గించుకోవడమని ఎవరో నేర్పారు. ఆ పల్లెలో చిల్లు మూసిన రోజే పాట పెరిగింది. దాన్ని నా చెవులతో విన్నాను. కొన్న వస్తువుకు ప్లేటు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. మూసిన చిల్లుకు ఏమీ ఉండవు. అందుకే ఎవరూ మూయరు.

మోటారు ఏమైందంటారా? ప్రకాశరావు గారు దాన్ని పక్క మండలంలో ఇంకో చర్చికి దానం చేశారు, అదే ప్లేటుతో. మొన్న అక్కడి నుంచి ఎవరో ఫోను చేశారు.

"మాస్టారూ, మోటారు పెట్టినా మా ఆర్గన్‌కి గాలి చాలట్లేదండి. ఇంకాస్త పెద్ద మోటారు ఎక్కడైనా దొరుకుతుందా?"

"ముందు కాళ్ళెత్తి ఒక పల్లవి పాడి చూడండి," అన్నాను.

"పెడళ్ళు తీసేశామండి."