మా అక్క బడిలో నేర్చుకున్నది

మా నాయిన తాండూరు దగ్గర బండల గనిలో పనిచేసేవాడు. నేలలో పొరలు పొరలుగా ఉండే నాపరాయిని గడ్డపారతో లేపి, పలకలుగా కొట్టే పని. గని యజమాని సేటు జాగాలోనే మా గుడిసె. పోలీసు చర్య నాటి భయాలు సద్దుమణిగాక, మా వాడకు వచ్చే పాస్టరుగారి మాట మీద నాయిన ముందు అక్కను, తరువాత నన్ను వికారాబాద్‌లో ఒక మిషన్ బడి హాస్టల్లో చేర్చాడు.

"నాలెక్క బండలు కొట్టొద్దు. నాలుగు అక్షరాలొస్తే చాలు" అన్నాడు.

ఆ బడిలో అక్షరాలతో సరిపెట్టలేదు. అందరం ఒకే వరుసలో కూర్చుని తినాలి. వంతు వచ్చినప్పుడు పాయిఖానా కడగాలి, పాస్టరుగారి బిడ్డయినా సరే. మా టీచరమ్మ సన్నటి మనిషి, గొంతు పెంచేది కాదు. పాఠం రాకపోతే ఓర్చుకునేది గానీ అబద్ధం మాత్రం ఓర్చుకోలేకపోయేది. "అబద్ధమాడితే దెబ్బ తప్పుతది బిడ్డా, గానీ మనిషి చెడుతడు" అనేది. అక్క ఆ మాటను ఒంటబట్టించుకుంది. ఒకసారి లాంతరు చిమ్నీ పగిలితే, ఎవరూ అడగకముందే వెళ్లి తనే పగలగొట్టానని చెప్పి వచ్చింది. దానికి పిచ్చి పట్టిందనుకున్నాను.

అక్క ఏడో తరగతిలో ఉండగా ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాం. ఒక ఉదయం నాయినకు, అదే గనిలో పనిచేసే చిన్నాయినకు అంబలి ఇవ్వడానికి అక్క గనికి పోయింది. గట్టు పైన మట్టి పగుళ్లిచ్చింది, కిందికి దిగనని చిన్నాయిన మొండికేశాడు. మేస్త్రి బూతులు తిట్టి దింపాడు. అక్క ఇంకా అక్కడ ఉండగానే గట్టు కూలింది. చిన్నాయినను బయటికి తీసేసరికి ముక్కులో, నోట్లో అంతా మట్టే.

పోలీసు ఠాణా నుంచి అమీన్ సాబ్ వచ్చాడు. సేటు మనుషులు ముందే అందరికీ చెప్పి ఉంచారు. చిన్నాయినే తాగి, వద్దన్నా వినకుండా దిగాడని కూలీలంతా చెప్పారు. నాయిన తల వంచుకుని "అవును సాబ్" అన్నాడు. చిన్నాయిన శవం పక్కన చిన్నమ్మ కూర్చుని ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు.

అప్పుడు అక్క ముందుకు వచ్చింది. "అబద్ధం సాబ్. మా చిన్నాయిన తాగలే. దిగనంటె మేస్త్రే తిట్టి దింపిండు. నేను చూసిన."

అమీన్ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ మాట రాసుకోలేదు. సేటు మాత్రం మరిచిపోలేదు. వారం తిరగకముందే గుడిసె ఖాళీ చేయమన్నాడు. చుట్టుపక్కల ఏ గనిలోనూ నాయినకు పని ఇవ్వలేదు. చిన్నమ్మను కూడా వెంటబెట్టుకుని, మోమిన్‌పేట్ వైపు అమ్మ పుట్టిన ఊరికి వెళ్లి పొలం కూలికి కుదురుకున్నాం.

బడులు తెరిచాక నాయిన మా ఇద్దరినీ తీసుకుని వికారాబాద్ వచ్చాడు. వరండాలో టీచరమ్మ ఎదురుగా నిలబడి అడిగాడు:

"నా బిడ్డకు ఏం నేర్పిండ్రమ్మా మీరు? మా నోట్ల మన్ను పడ్డది."

"నిజం చెప్పమన్నం" అందామె.

"నిజం చెప్పనీకి మీకు జీతం వస్తది. మాకు గుడిసె పోయింది."

టీచరమ్మ మెల్లగా, "మీ తమ్ముడు తాగి సచ్చిండంటే మీకు సమ్మతమేనా అన్నా?" అంది.

నాయిన మెట్ల మీద కూలబడ్డాడు. తమ్ముణ్ణి పాతిపెట్టిన రోజు కూడా ఏడవని మనిషి అక్కడ, పిల్లలందరూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాడు. అయినా అక్కను బడి మాన్పించే విషయంలో మనసు మార్చుకోలేదు. ఇంట్లో పనికి చేతులు కావాలని అక్కను తిరిగి తీసుకుపోయాడు. పోతూ నన్ను చూపించి, "దీనికి సదువొక్కటే చెప్పుండ్రి. తక్కినయి వద్దు" అన్నాడు.

నేను చదువుకున్నాను. బడి పంతులమ్మనయ్యాను. అక్క కలుపులు తీసింది, కోతలు కోసింది. బడి గురించి నేను చెబితే వినేది, తనుగా ఏమీ అడిగేది కాదు. "గట్ల చెప్పకపోతే బాగుండు అనిపించిందా?" అని ఒకసారి అడిగాను. "అనిపిస్తది. ఆకలైనప్పుడు అనిపిస్తది" అంది.

పెళ్లి కాకముందే అక్క కామెర్లు వచ్చి చనిపోయింది. పసరు వైద్యం చేయించి, ఇక లాభం లేదనుకున్నాక ఆసుపత్రికి బండి కట్టారు. దారిలోనే ప్రాణం పోయింది.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన ముగించాక చిన్నమ్మ ముందుకు వచ్చి గుంట అంచున కూర్చుంది.

"ఊరంతా నా మొగణ్ణి తాగుబోతును చేసిండ్రు. ఇదొక్కతే కాదన్నది" అంది.

నాయిన తల ఎత్తకుండా పార తీసుకుని మట్టి వేయడం మొదలుపెట్టాడు.