తుర్కయంజాల్ బోరు, కెప్టెన్ మేడమ్

ఎల్బీ నగర్ మెట్రో కింద బండి ఆపుకొని చాయ తాగుతుంటే మేడమ్ వాళ్లాయన ఫోన్ చేసిండు. "అన్నా, మేడమ్ ఇగ లేదు" అన్నడు. ఆయన గూడ ఇంట్ల ఆమెను మేడమ్ అనే పిలిచెటోడు. నన్ను జూసి నేర్చుకున్నడని ఆమె నవ్వేది. ఆ మాట యాదికొచ్చి ముందుగాల నవ్వొచ్చింది, ఎంబడే ఏడుపొచ్చింది. చాయ చేతులనే సల్లారింది.

మీల శానమందికి ఆమె ఎరుక లేకపోవచ్చు. ఆమె విమానం నడిపే కెప్టెన్. నేను ఆ కంపెనీల కారు పెట్టినోన్ని. పైలట్లను ఇంటికాడ ఎక్కించుకొని ఎయిర్‌పోర్టుల దింపుడు, మళ్ల తెచ్చి ఇంటికాడ దింపుడు నా పని. ఆమె ఆకాశంల నడుపుతది, నేను నేల మీద నడుపుతా. "మనిద్దరిదీ ఒకటే డ్యూటీ అన్నా, నీకే ట్రాఫిక్ ఎక్కువ" అనేది.

నల్లగొండ దిక్కు ఊరామెది. వాళ్ల నాయిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల బత్తాయిల యాపారం చేసెటోడు. మార్కెట్ అక్కడికెల్లి పోయినంక గూడ, ఆ రోడ్డు మీదికెల్లి పోతుంటే అద్దం దించి "బత్తాయి వాసనొస్తుంది సూడు అన్నా" అనేది. నాకైతే డీజిల్ వాసన తప్ప ఇంకోటి రాలే. అయినా "అవు మేడమ్" అనెటోన్ని. కెప్టెన్‌కు ఎదురు చెప్తే ఎట్ల?

ఆమె మస్తు ముచ్చటపెట్టే మనిషి. చర్చిల పాట, కూరల ధర, మా పిల్లల మార్కులు, ఏదైనా సరే. కానీ కారు ఎక్కంగనే ఒక్క మాట మాట్లాడకపోయేది. మొదట్ల నా మీద కోపమొచ్చిందేమో అనుకొని పరేషానైన. రింగ్ రోడ్డు ఎక్కినంక తనే చెప్పింది. విమానం లేస్తున్నప్పుడు, పదివేల అడుగులు దాటేదాంక, లోపల పని ముచ్చట తప్ప ఇంకో ముచ్చట ఉండొద్దంట. అదే కట్టడి నా కారుల గూడ పెట్టింది. రింగ్ రోడ్డు ఎక్కేదాంక నోరు బంద్. "ఎక్కేటప్పుడే పని ఎక్కువుంటది అన్నా. మీదికి పోయినంక మాట్లాడనీకి మస్తు టైముంటది" అనేది.

మా ఇంటామెకు ఈ సంగతి చెప్తే, "గా కట్టడి మనింట్ల గూడ పెట్టమను, నువ్వు అన్నం తినేదాంక" అన్నది. మేడమ్‌కు చెప్పిన. ఆ దినం రింగ్ రోడ్డు ఎక్కకముందే నవ్వింది. ఆమె కట్టడి తప్పుడు నేను సూసింది గదే మొదలు.

రెండోసారి తప్పింది మాత్రం కారుల గాదు.

తుర్కయంజాల్ల వాళ్లు ఒక ప్లాటు కొనుక్కున్నరు. అక్కడ నీళ్లు పడుడంటే లాటరీ తగిలినట్టే. రెండుసార్లు బోరేస్తే దుబ్బ లేసింది. మూడోసారి, పొద్దుగూకే యాళ్లకు, నీళ్లు ఎగజిమ్మినయి. తెల్లారి మేడమ్ కారెక్కినప్పుడు మొఖం సూస్తే, బోరు ప్లాట్ల గాదు, ఆమె లోపల పడ్డట్టుంది. రింగ్ రోడ్డు ఎక్కేదాంక ఎట్ల ఆపుకున్నదో ఆ దేవునికే ఎరుక. ఎక్కంగనే షురూ. ముందు సీట్ల కో-పైలట్ ఉండె. గుంటూరు దిక్కు పిల్లగాడు, దిల్‌సుఖ్‌నగర్ల రూము కిరాయికి తీసుకొని ఉండెటోడు. నౌకరీ ఇంక పక్కా కాలే. ఆయన నిద్రపోతుండు. కథంతా నేనొక్కన్నే ఇన్న.

ఆ సాయంత్రం ఇద్దరినీ ఎక్కించుకునేటాళ్లకు కారుల గాలే మారిపోయింది. రింగ్ రోడ్డు మీద గూడ ఎవ్వలూ మాట్లాడుతలేరు. పిల్లగాడే నోరు తెరిచిండు.

"కంట్రోల్ వాళ్లు గట్టిగా ఏమీ అనలేదు కదండీ మేడమ్. మనం రిపోర్టు రాయకపోతే అంతటితో అయిపోద్దేమో అండీ."

"విమానంల ఉండే రికార్డు పెట్టెల అంతా ఎక్కి ఉంటది నాయినా. అది చెప్పకముందే మనం చెప్పాలె."

"నా జాబ్ ఇంకా కన్ఫర్మ్ కాలేదండీ. రీడ్‌బ్యాక్ ఇచ్చింది నేను. తిప్పాల్సిందీ నేనే."

"బోరు ముచ్చట తీసింది నేను గదా?"

ఏమైందంటే, విమానం లేసి ఎక్కుతుంటే, పదివేల అడుగులు ఇంక దాటకముందే, కింద కంట్రోల్ వాళ్లు ఒక ఎత్తు చెప్పి, అది దాటి ఎక్కొద్దన్నరు. మీదికెల్లి ఇంకో విమానం దిగుతుంది. పిల్లగాడు సరే అని ఆ అంకెను తిరిగి చెప్పిండు, రీడ్‌బ్యాక్ అంటే గదే. చెప్పినంక ముందటి బటన్ తిప్పి ఆ అంకె పెట్టాలె. ఇద్దరూ దాని దిక్కు ఏలు చూపెట్టి మల్ల గట్టిగ అనాలె. గది వాళ్ల పద్ధతి. కానీ అప్పటికే మేడమ్ బోరు ముచ్చట మొదలువెట్టింది. పిల్లగాడు నోటితోని అంకె చెప్పి, "ఎన్ని అడుగులకి పడ్డాయండీ నీళ్లు?" అని అడిగిండు. నోరు చెప్పింది, చెయ్యి తిప్పలే. వీళ్లు కిందికి అడుగులు లెక్కపెడుతుంటే విమానం మీదికి అడుగులు దాటిపోయింది. కంట్రోలాయన "మీరు ఏ ఎత్తుల ఉన్నరు?" అని అడిగేదాంక సోయి లేదు. ఎంబడే దించి చెప్పిన ఎత్తుకు తెచ్చిన్రు. మీదిది దూరంగనే ఉండె. ఎనక కూసున్నోళ్లకు ఏం ఎరుక లేదు, సగంమంది నిద్రల ఉన్నరు.

ఇది ఇనుకుంట నేను బండిని ఎడమ దిక్కు లైనుల పెట్టి మెల్లగ తోలిన.

ఆ నెలల మేడమ్‌ను ట్రైనర్ చేస్తమన్నరు. కొత్త పైలట్లకు నేర్పే పని. ఆమె ఎన్నేండ్ల సంది ఆశపడ్డదో నాకెరుక. పిల్లగాడు బటన్ తిప్పలేదని ఒక్క ముక్క రాస్తే అది అబద్ధం గాదు. ఆమె ట్రైనర్ పనికి ఢోకా ఉండకపోయేది. ఆ పిల్లగాడు మాత్రం బ్యాగు సదురుకొని గుంటూరు బస్సెక్కెటోడు.

"నువ్వు తిప్పలేదని రాస్త. అది నిజం" అన్నది మేడమ్. పిల్లగాని మెడ కిందికి వాలింది. "ఎందుకు తిప్పలేదో గూడ రాస్త. కెప్టెన్ మాట్లాడుతుంటే కో-పైలట్ ఎట్ల ఆపుతడు? ముచ్చట తీసింది నేను, ఆపాల్సింది నేను, సూడాల్సింది నేను. గంతే."

"మేడమ్, మీ ట్రైనర్ పోస్టు..."

"ఊకో. అన్నా, ఆడ మిర్చి బజ్జీల బండి కాడ జర ఆపు. పొద్దటి సంది ఏం తినలే."

బజ్జీలు తిన్నం. పిల్లగాడు ఏడ్సుకుంట తిన్నడు. కారం అని చెప్పిండు. మేమిద్దరం నమ్మినట్టే ఉన్నం.

ఇద్దరినీ కొన్నాళ్లు విమానం ఎక్కనియ్యలే. మల్ల ట్రైనింగ్ ఇచ్చి పంపిన్రు. పిల్లగాని నౌకరీ నిలవడ్డది. ట్రైనర్ పని ఇంకో ఆయనకు పోయింది. బాధయితలేదా అని ఒకసారి అడిగిన. రింగ్ రోడ్డు మీదనే అడిగిన లెండి. "అయితది ఎందుకు గాదు? పండుకుంటే ఇప్పటికీ అయితది" అన్నది. గంత సాఫుగ చెప్పుడు నేనింకెవ్వల దగ్గర ఇనలే.

తర్వాత ఎవ్వలు కొత్త కో-పైలట్ వచ్చినా, నా కారుల ఈ కథ తనే చెప్పేది. ఎవ్వలడుగకున్నా చెప్పేది. ఎదుటోని తప్పు సగం చెప్పి, తన తప్పు నిండుగ చెప్పేది. కొందరు నవ్వెటోళ్లు, కొందరు భయపడెటోళ్లు. నేను అద్దంల సూస్తుంటి.

పోయినేడు పానం బాగలేక డ్యూటీ బందు పెట్టింది. దవాఖానకు నేనే తోల్కపోయిన. డాక్టర్ చెప్పిన గోలీల పేర్లు ఒక్కొక్కటి ఏలు పెట్టి చూపిచ్చి, తిరిగి చెప్పేది. డాక్టర్‌తోని గూడ చెప్పిచ్చేది. ఆయన మొదట్ల ఇసుక్కున్నడు, తర్వాత అలవాటైండు.

మన్నుల పెట్టే దినం చర్చి వెనక జాగ నిండిపోయింది. గుంటూరు పిల్లగాడు వచ్చిండు. ఇప్పుడు పిల్లగాడు అనొద్దు, కెప్టెన్ అయిండు. సాయంత్రం డ్యూటీ ఉందని తెల్ల యూనిఫాంలనే వచ్చిండు. అందరి తీరుగ వంగి పిడికెడు మన్ను తీసుకొని ఏసిండు. రాత్రి వాన పడ్డది గావొచ్చు, ఎర్రమన్ను తడిగుండి చేతికి అంటుకుంది.

ఆయనను ఎయిర్‌పోర్టుల నేనే దింపిన. దారి పొడుగూత ఇద్దరం మాట్లాడలే, రింగ్ రోడ్డు ఎక్కినా మాట్లాడలే. దిగేటప్పుడు నీళ్ల బాటిల్ ఇచ్చి "చెయ్యి కడుక్కో సార్" అన్న.

"తర్వాత కడుక్కుంటాను అన్నా" అన్నడు.

ఎడమ చేత్తోని బ్యాగు గుంజుకుంట పోతుండు. తెల్లంగికి మన్ను అంటకుండ కుడి చెయ్యిని జర దూరంగ పట్టుకొని, ఏళ్లు దగ్గరికి ముడుసుకొని, అద్దాల తలుపుల నడుమకెల్లి లోపలికి పోయిండు.